కొన్న కారు, కట్టిన కారు: ఆర్తురో మెర్జారియో కథలో ఫార్ములా 1 ప్రైవేట్ జట్ల లెక్క

2026 సీజన్‌కి ఫార్ములా 1లో పదకొండో జట్టుగా కాడిలాక్‌కి చోటు దొరికింది. వెనక జనరల్ మోటార్స్ లాంటి కంపెనీ ఉన్నా ఆ చోటు తేలిగ్గా రాలేదు. 2023 అక్టోబరులో అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ, అప్పటికి ఆండ్రెట్టి పేరుతో ఉన్న దరఖాస్తుకి ఒప్పుకుంది. 2024 జనవరిలో పోటీ వాణిజ్య హక్కులున్న సంస్థ వద్దంది. ఆ ఏడాది నవంబరులో సూత్రప్రాయంగా సరేనన్నారు, తుది అనుమతి 2025 మార్చిలో వచ్చింది. డబ్బుంది, ఇంజినీర్లున్నారు, డ్రైవర్లు దొరుకుతారు. మరి ఒక జట్టుని రానివ్వడానికి ఇంత గొడవ ఎందుకు?

ఈ ప్రశ్నకి జవాబు ఇప్పటి ఒప్పందాల్లోనే వెతికితే సగమే దొరుకుతుంది. 1977లో ఇటలీకి చెందిన ఒక డ్రైవర్ ఇంగ్లాండులోని ఫ్యాక్టరీ నుంచి కారు కొనుక్కుని, తన పేరే జట్టుకి పెట్టుకుని గ్రాండ్ ప్రిలకి వచ్చాడు. తర్వాతి ఏడాది సొంత కారే తయారు చేశాడు. ఆయన పేరు ఆర్తురో మెర్జారియో. ఆయనకి ఏం జరిగిందో వరసగా చూస్తే తలుపు ఎప్పుడు మూసుకుందో, ఎందుకు మూసుకుందో చాలావరకు తెలుస్తుంది.

## వర్క్స్, ప్రైవేట్, కన్‌స్ట్రక్టర్ అంటే ఏమిటి

కారు తయారు చేసిన సంస్థే జట్టుని కూడా నడిపితే అది వర్క్స్ జట్టు. వేరే ఎవరో చేసిన కారుని కొనుక్కుని, తన పేరుతో, తన ఖర్చుతో పోటీకి దింపితే అది ప్రైవేట్ జట్టు. అలా అమ్ముడైన కారుని కస్టమర్ కారు అంటారు. తన ఛాసీ (ఇంజిన్, చక్రాలు బిగించే కారు మూల శరీరం) మీద తనకే హక్కులున్న జట్టు కన్‌స్ట్రక్టర్.

తికమక ఎక్కువగా ఈ చివరి మాట దగ్గరే వస్తుంది. ఇంజిన్ బయట కొన్నా సరే, ఛాసీ తనదైతే ఆ జట్టు కన్‌స్ట్రక్టరే. మెక్‌లారెన్ 2024లో జట్ల టైటిల్ గెలిచింది మెర్సిడెస్ ఇంజిన్‌తో. అయినా టైటిల్ మెక్‌లారెన్‌దే, ఎందుకంటే కారు వాళ్లది. అంటే గీత ఇంజిన్ దగ్గర లేదు, ఛాసీ దగ్గర ఉంది.

ప్రైవేట్ జట్టంటే చిన్న జట్టని అనుకోనక్కర్లేదు. ఎంజో ఫెరారీ మొదలైందే అక్కడ. ఆయనా డ్రైవరే. 1929లో మోదెనాలో స్కుదేరియా ఫెరారీ పెట్టినప్పుడు నడిపినవి ఆల్ఫా రోమియో కార్లు. 1935లో నూర్‌బర్గ్‌రింగ్‌లో జర్మన్ కార్లన్నిటినీ ఓడించిన తాత్సియో నువొలారి నడిపింది ఆ జట్టు ఆల్ఫానే. ఇంగ్లాండులో రాబ్ వాకర్ అనే ఆయన ఒక్క కారు కూడా తయారు చేయకుండా, కొన్న కూపర్లతో, లోటస్‌లతో గ్రాండ్ ప్రిలు గెలిపించాడు. 1968లో బ్రాండ్స్ హాచ్‌లో జో సిఫర్ట్ ఆయన లోటస్ 49తో గెలిచాడు. పూర్తి ప్రైవేట్ జట్టుకి అలాంటి గెలుపు మళ్లీ రాలేదు.

## ఫెరారీ సీటు దాకా

మెర్జారియో 1943 మార్చి 11న ఉత్తర ఇటలీలో కోమో సరస్సు దగ్గర ఉన్న చివెన్నాలో పుట్టాడు. మొదట ఆల్ఫా రోమియో జూలియెట్టాతో రేసులాడి, అబార్త్ కార్లతో పేరు తెచ్చుకున్నాడు. 1969లో ముజెల్లోలో, ఊళ్ల మధ్య రోడ్ల మీద జరిగిన పోటీలో గెలిచాక ఫెరారీ కళ్లలో పడ్డాడు. సన్నటి మనిషి. తల మీద ఎప్పుడూ కౌబాయ్ టోపీ ఉండేది, ఆ టోపీతోనే జనం గుర్తుపట్టేవారు.

1972 ఆయన జీవితంలో గొప్ప ఏడాది. బ్రయన్ రెడ్‌మన్‌తో కలిసి స్పా 1000 కిలోమీటర్ల రేసు గెలిచాడు. ఆ నెలలోనే సిసిలీ కొండ రోడ్ల మీద జరిగే తార్గా ఫ్లోరియో. ఒక చుట్టు 72 కిలోమీటర్లు. ఆల్ఫా రోమియో నాలుగు కార్లు పంపితే ఫెరారీ ఒక్కటే పంపింది. ఆ ఒక్క కారులో మెర్జారియో, ర్యాలీ డ్రైవర్ సాండ్రో మునారి కలిసి గెలిచారు. జూలైలో బ్రాండ్స్ హాచ్‌లో మొదటి ఫార్ములా 1 రేసు నడిపి, మొదటిసారే ఆరో స్థానంతో ఒక పాయింటు తెచ్చాడు. 1973లో బ్రెజిల్‌లో, దక్షిణాఫ్రికాలో నాలుగో స్థానాలు వచ్చాయి. కానీ ఆ ఏడాది ఫెరారీ ఫార్ములా 1 కారు బాగాలేదు. 1974కి జట్టుని ప్రక్షాళన చేసినప్పుడు మెర్జారియో బయటికి వెళ్లాడు, క్లే రెగజోనితో పాటు నికీ లౌడా లోపలికి వచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్లకి మెర్జారియోని, లౌడాని మళ్లీ ఒకచోట కలిపిన రోజు 1976 ఆగస్టు 1. నూర్‌బర్గ్‌రింగ్‌లో రెండో చుట్టులో లౌడా ఫెరారీ గట్టుని కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది. దాదాపు 23 కిలోమీటర్ల ట్రాక్ అది, సహాయ సిబ్బంది ప్రతి మలుపులో ఉండటం అసాధ్యం. మంటల్లోకి వెళ్లింది డ్రైవర్లే: గై ఎడ్వర్డ్స్, బ్రెట్ లంగర్, హారల్డ్ ఎర్ట్ల్, మెర్జారియో. నలుగురూ గ్రిడ్ (రేసు మొదట్లో కార్లు నిలబడే వరస) వెనక భాగంలో పరుగెత్తే చిన్న జట్లవాళ్లు. బిగుసుకున్న బెల్టుని విప్పి లౌడాని బయటికి లాగడానికి వీలు చేసింది మెర్జారియో. ఫార్ములా 1లో ఆయన ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పనికే తలుచుకోవాలని నాకనిపిస్తుంది. తన సీటులోకి వచ్చిన మనిషి కోసం ఆయన నిప్పులోకి చేతులు పెట్టాడు. లౌడా ఆరు వారాల్లో మోంజాలో మళ్లీ కారెక్కి నాలుగో స్థానంలో వచ్చాడు.

## ఒకే మోడల్ కారుతో మొదలైన ఇద్దరు

ఫెరారీ తర్వాత మెర్జారియోకి చోటిచ్చింది ఫ్రాంక్ విలియమ్స్. ఆయన అప్పట్లో అప్పుల్లో ఉన్న చిన్న జట్టు యజమాని. 1974లో దక్షిణాఫ్రికాలో ఆ జట్టు ఐసో-మార్ల్‌బొరో కారుని మెర్జారియో మూడో గ్రిడ్ స్థానంలో పెట్టాడు. ఆ సంవత్సరమే మోంజాలో నాలుగో స్థానం తెచ్చాడు. 1975 మధ్యలో విలియమ్స్ దగ్గర మానేసినా, స్పోర్ట్స్ కార్లలో అది ఆయనకి బ్రహ్మాండమైన ఏడాది. జర్మనీకి చెందిన విల్లీ కౌసెన్ నడిపించిన ఆల్ఫా రోమియో జట్టులో జాక్ లఫీత్‌తో కలిసి దిజోన్, మోంజా రేసులు గెలిచాడు. ఆల్ఫాకి ప్రపంచ టైటిల్ వచ్చింది. ఆయన చేతిలో సత్తా లేదనడానికి ఎక్కడా ఆధారం లేదు.

1976లో విలియమ్స్ జట్టులో ఎక్కువ వాటా కెనడా వ్యాపారి వాల్టర్ వోల్ఫ్ చేతికి పోయింది. జాకీ ఇక్స్‌ని తీసేశాక జర్మనీ రేసు నుంచి ఆ కారు మెర్జారియోకి దక్కింది. లౌడా ప్రమాదం రోజు ఆయన నడిపింది అదే. సొంత జట్టులోనే మాట చెల్లని ఫ్రాంక్ విలియమ్స్, ఇంజినీర్ ప్యాట్రిక్ హెడ్‌ని తీసుకుని బయటికొచ్చి 1977లో కొత్త జట్టు పెట్టాడు. అదే ఏడాది మెర్జారియో కూడా సొంత జట్టు పెట్టాడు.

ఇద్దరూ మొదలెట్టింది ఒకే రకం కారుతో. అది ఇంగ్లాండులోని బిస్టర్‌లో మార్చ్ కంపెనీ చేసిన 761. 1976లో రోనీ పీటర్సన్ మోంజాలో గెలిచిన మోడలే. డబ్బిచ్చిన ఎవరికైనా మార్చ్ అమ్మేది. విలియమ్స్ తన మార్చ్‌కి ప్యాట్రిక్ నేవ్‌ని డ్రైవర్‌గా పెట్టుకున్నాడు, మెర్జారియో తన మార్చ్‌ని తనే నడిపాడు. ఆ ఏడాది రెండు జట్లకీ పాయింటు రాలేదు. ఆగస్టులో ఆస్ట్రియాలో మెర్జారియో ఒక్క రేసుకి షాడో జట్టు కారెక్కాడు. ఆ రేసు గెలిచింది పక్క కారులో ఉన్న ఆలన్ జోన్స్. జోన్స్ తర్వాతి ఏడాది విలియమ్స్ దగ్గరికి వెళ్లాడు.

1978లో ఇద్దరూ సొంత కార్లు దింపారు. విలియమ్స్‌ది ఎఫ్‌డబ్ల్యూ06, మెర్జారియోది ఏ1. రెండింటిలోనూ కాస్‌వర్త్ ఇంజిను, హ్యూలాండ్ గేర్‌బాక్స్. రెండూ ఒక్కో కారు జట్లే. జోన్స్ ఆ ఏడాది 11 పాయింట్లు తెచ్చాడు, వాట్కిన్స్ గ్లెన్‌లో రెండో స్థానంతో కలిపి. ఏ1 16 రేసులకి ఎంట్రీ ఇచ్చి 8 రేసుల్లోనే గ్రిడ్ ఎక్కింది, ఒక్కసారీ లెక్కలోకి వచ్చే స్థానంలో ముగించలేదు. 1980లో జోన్స్, విలియమ్స్ ఇద్దరూ ప్రపంచ విజేతలు. అప్పటికి మెర్జారియో పేరు ఫార్ములా 1 ఎంట్రీల్లో లేదు.

ఒకే చోట మొదలైన ఇద్దరు మూడేళ్లలో ఇంత దూరమవడానికి కారణం చేతకానితనం అనేసి వదిలేస్తే అసలు సంగతి తెలియదు.

## సామాను దుకాణంలో దొరికేది, దొరకనిది

అసలు ఒక డ్రైవర్ ఫార్ములా 1 కారు తయారు చేయడమేమిటి? ఆ రోజుల్లో అది అసాధ్యం కాదు, దానికి కారణం ఒక ఇంజిను. 1967లో వచ్చిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, 3 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజిను. మొదటి రేసే జిమ్ క్లార్క్ గెలిచాడు. మొదట్లో లోటస్‌కే ఇచ్చినా, 1968 నుంచి అందరికీ అమ్మారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అది మొత్తం 155 రేసులు గెలిచింది. ఇంజిన్ ఛాసీ వెనక గోడకి బిగుస్తుంది, దాని వెనక హ్యూలాండ్ గేర్‌బాక్స్, గేర్‌బాక్స్‌కి వెనక సస్పెన్షన్. అంటే కారులో సగం కొనుక్కోవచ్చు. మిగిలింది ముందు భాగం, అల్యూమినియం రేకులతో చేసిన తొట్టి, రేడియేటర్లు, రెక్కలు. నేర్పున్న పది మంది మెకానిక్‌లున్న చోట అయ్యే పని. జాక్ బ్రాభమ్, బ్రూస్ మెక్‌లారెన్, డాన్ గర్నీ, జాన్ సర్టీస్, గ్రాహమ్ హిల్: సొంత పేరుతో కార్లు దింపిన డ్రైవర్ల వరస పెద్దదే. బ్రాభమ్ 1966లో తన కారులోనే ప్రపంచ విజేత అయ్యాడు.

అయితే పేరొకటే అయినంత మాత్రాన సరుకొకటి కాదు. 1970ల చివరికి కాస్‌వర్త్ కొత్తగా మెరుగుపరిచిన ఇంజిన్లు ముందు పెద్ద జట్లకి ఇచ్చేది. టైర్ల కంపెనీలూ అంతే. ఒప్పందం ఉన్న జట్లకి మెత్తటి, ప్రత్యేకమైన టైర్లు, మిగిలినవాళ్లకి మామూలు టైర్లు. కస్టమర్ జట్టు పరిస్థితి కౌలు రైతులాంటిది. పంట తనదే, కానీ కాలవ నీళ్లు ఎప్పుడొస్తాయో తన చేతిలో ఉండదు.

విలియమ్స్‌కి ఇక్కడ మూడు విషయాలు కలిసొచ్చాయి. సౌదీ స్పాన్సర్ల డబ్బు. ప్యాట్రిక్ హెడ్ అనే పూర్తికాలం డిజైనర్. కారు నడపడం తప్ప వేరే బాధ్యత లేని జోన్స్. మెర్జారియో విషయంలో డ్రైవర్, యజమాని, స్పాన్సర్లని వెతికేవాడు, కారు బాగోగులు తేల్చేవాడు ఒక్కరే. పైగా కాస్‌వర్త్ నార్తాంప్టన్‌లో, హ్యూలాండ్ మేడెన్‌హెడ్‌లో. విలియమ్స్ వర్క్‌షాప్ డిడ్‌కాట్‌లో, అక్కణ్నుంచి రెండూ కారులో వెళ్లొచ్చేంత దూరం. ఇటలీ నుంచి ఇంజిన్ ఓవర్‌హాల్‌కి పంపితే మధ్యలో సముద్రం దాటాలి.

## కారు కింద గాలి

ఇవన్నీ ఉన్నా చిన్న జట్టు గ్రిడ్ వెనకయినా నిలబడి ఉండేదేమో. దాన్ని దాదాపు అసాధ్యం చేసింది గ్రౌండ్ ఎఫెక్ట్.

మామూలుగా కారుని నేలకి అదిమిపట్టేది ముందూ వెనకా ఉండే రెక్కలు. లోటస్ ఇంజినీర్లు కారు పక్క భాగాల అడుగుని తిరగేసిన విమానం రెక్క ఆకారంలో చేశారు. గాలి అక్కడ ఇరుకుదారిలో వేగంగా పోతుంది, ఒత్తిడి పడిపోతుంది, కారు నేలకి అతుక్కుంటుంది. పక్కల నుంచి బయటి గాలి లోపలికి దూరకుండా నేలని తాకే స్కర్టులు పెట్టారు. ఫలితంగా మలుపుల్లో వేగం బాగా పెరిగింది. 1978లో లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. ఇప్పుడు కాడిలాక్ జట్టు బోర్డులో డైరెక్టర్‌గా ఉన్నది ఆయనే.

ఈ మార్పుతో నేర్పున్న మెకానిక్ కంటికి కనబడని విషయం గెలుపుని నిర్ణయించడం మొదలైంది. రేకు సరిగ్గా వంచారో లేదో చేత్తో తడిమి చెప్పొచ్చు. అడుగున గాలి ఒత్తిడి ఎక్కడ పడుతోందో తెలియాలంటే విండ్ టన్నెల్ కావాలి, అంటే కారు నమూనా మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగం. లోటస్ ఈ పరీక్షలు లండన్ ఇంపీరియల్ కాలేజీ టన్నెల్‌లో చేసుకుంది.

1978 ఏ1 గ్రౌండ్ ఎఫెక్ట్ లేని పాత పద్ధతి కారు. 1979లో మెర్జారియో దాన్ని మార్చి ఏ1బి చేశాడు, తర్వాత కొత్త అడుగుతో ఇంకో కారు తెచ్చాడు, అదీ సరిపోలేదు. అదే వసంతంలో 1975లో తనని గెలిపించిన విల్లీ కౌసెన్ కూడా సొంత ఫార్ములా 1 కారుతో వచ్చి, రెండు రేసుల్లో అర్హత పొందలేక మానేశాడు. మెర్జారియో కౌసెన్ సామానుని కొన్నాడు. దాన్ని ఇటలీ ఇంజినీర్ జంపావులో దల్లారా సాయంతో మార్చి ఏ4 చేశారు. మొనాకోలో మెర్జారియో బదులు కౌసెన్ డ్రైవర్ జాన్‌ఫ్రాంకో బ్రాంకటెల్లి ఈ జట్టు కారు నడిపితే ప్రీక్వాలిఫైయింగ్ అనే మొదటి వడపోత కూడా దాటలేదు. 1979 మొత్తంలో మెర్జారియో గ్రిడ్ ఎక్కింది రెండుసార్లు, అర్జెంటీనాలో, లాంగ్ బీచ్‌లో. రెండూ మధ్యలో ఆగిపోయాయి.

ఇక్కడ నాకు తప్పుగా అనిపించేది ఒక నిర్ణయం. రెండేళ్లలో ఇన్ని మార్పులు, ఇన్ని కొత్త నంబర్ల కార్లు చేయకుండా, 1979లో మెక్సికో డ్రైవర్ హెక్టర్ రెబాకె చేసినట్టు ఒక లోటస్ 79ని కొనుక్కుని ఉంటే వారం వారం గ్రిడ్ ఎక్కే అవకాశం ఎక్కువుండేది. రెబాకె కొన్న కారుతో హాలండ్‌లో ఏడో స్థానం తెచ్చాడు. అయితే రెబాకె వెనక కుటుంబం డబ్బుంది. ఆయన కూడా ఆ సీజన్ చివర్లో సొంత కారు కట్టడానికే మళ్లాడు.

## వెనక పడితే డబ్బు కూడా వెనక పడుతుంది

అప్పట్లో ఎంట్రీలు ఎక్కువ, చోట్లు తక్కువ. 1978లో మొనాకో గ్రిడ్‌లో 20 చోట్లే. ఎంట్రీలు మరీ ఎక్కువైనప్పుడు కొత్త, చిన్న జట్లకి ముందు ప్రీక్వాలిఫైయింగ్ అనే వడపోత పెట్టేవారు. అది దాటితేనే అసలు ప్రాక్టీసు.

ఒక ఊహా లెక్క చూద్దాం. 30 కార్లు వచ్చాయి, 24 చోట్లున్నాయి. 24వ కారు కన్నా మీరు సెకనులో రెండు పదోవంతులు వెనకున్నారు. అంతే, ఆదివారం మీకు రేసు లేదు. రేసు లేకపోతే ప్రైజ్ మనీ లేదు. టీవీలో కనపడరు, కాబట్టి స్పాన్సర్ తర్వాతి చెక్కు ఇవ్వడు. ఆదివారం పరుగెత్తలేదు గనక ఆ మూడొందల కిలోమీటర్లలో కారు గురించి తెలియాల్సింది తెలియలేదు. తర్వాతి రేసుకి పాత ఇంజిన్‌తో, అదే కారుతో వెళ్తారు, ముందున్నవాళ్లు ఈలోపు ఇంకో మూడు పదోవంతులు సంపాదిస్తారు. రెండు పదోవంతుల తేడా అయిదు పదోవంతులైంది. ఇది ఎవరో కక్షతో చేసింది కాదు, లెక్కే అలా నడుస్తుంది.

దీనికి తోడు, బెర్నీ ఎకిల్‌స్టన్ ముందుండి నడిపిన కన్‌స్ట్రక్టర్ల సంఘం ఫోకా నిర్వాహకులతో గంపగుత్త బేరాలాడేది. సభ్యులకి ప్రయాణ ఖర్చుల్లో, డబ్బు పంపకంలో మేలు జరిగేది. సంఘం అంచున ఉన్నవాళ్లకి ఆ మేలు అందేది కాదు.

మెర్జారియో 1980లో ఫార్ములా 2కి దిగి అక్కడ కొన్నేళ్లు జట్టు నడిపాడు. ఫార్ములా 1లో మొత్తం 57 రేసుల్లో గ్రిడ్ ఎక్కాడు, 11 పాయింట్లు తెచ్చాడు. అన్నీ ఫెరారీ, విలియమ్స్ కార్లలో వచ్చినవే.

## 1981 తర్వాత

1981లో ఎఫ్ఐఏ తరఫు ఫీసాకీ, ఫోకాకీ మధ్య గొడవ తేలి కాంకార్డ్ ఒప్పందం కుదిరింది. జట్లన్నీ అన్ని రేసులకీ రావాలి, ప్రతి జట్టూ కన్‌స్ట్రక్టరై ఉండాలి. ఇతరుల కారు కొనుక్కుని రావడం అంతటితో ఆగింది. 1980లో ర్యామ్ అనే జట్టు కొన్న విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ07లతో ఆడటం ఆ పద్ధతిలో దాదాపు ఆఖరుది.

తలుపు మళ్లీ తెరిచే ప్రయత్నం ఒకటి జరిగింది. 2008 సీజన్‌కి ప్రోడ్రైవ్ అనే బ్రిటిష్ సంస్థకి పన్నెండో చోటు ఇచ్చారు, వాళ్లు మెక్‌లారెన్ కార్లు వాడాలనుకున్నారు. దానికి గట్టిగా అడ్డుపడింది విలియమ్స్ జట్టు. కొన్న కారుతో ఆడేవాడికీ, ఏళ్ల తరబడి డబ్బు పోసి కారు తయారు చేసుకునేవాడికీ ఒకే ప్రైజ్ మనీ ఇస్తే తయారీదారుడు బతకడన్నది వాళ్ల వాదన. ప్రోడ్రైవ్ ప్రయత్నం ఆగిపోయింది. కొన్న మార్చ్‌తో మొదలైన జట్టే ఈ మాట అనడం కొందరికి అన్యాయంగా తోచొచ్చు. కానీ 2007 నాటికి విలియమ్స్ వందలమంది జీతాలతో, సొంత విండ్ టన్నెళ్లతో నడుస్తున్న సంస్థ. ఆ స్థితిలో ఆ భయం నిజమైనదే.

ఇప్పుడు గీత ఎక్కడుందంటే, కొన్ని భాగాలు జట్టు సొంతంగా డిజైన్ చేయాలి, కొన్ని కొనుక్కోవచ్చు. 2016లో వచ్చిన హాస్ ఈ వెసులుబాటుని పూర్తిగా వాడుకుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ ఫెరారీ నుంచి, ఛాసీ తయారీ ఇటలీలోని దల్లారా కంపెనీ నుంచి. అవును, ఏ4కి సాయం చేసిన జంపావులో దల్లారా పెట్టిన కంపెనీయే. మొదటి రేసులోనే ఆరో స్థానం వచ్చింది. గీత ఎంత సన్ననిదో 2020లో తెలిసింది. మెర్సిడెస్ బ్రేక్ డక్టుల (బ్రేకులకి గాలి పంపే భాగాల) డిజైన్ వాడినందుకు రేసింగ్ పాయింట్ జట్టుకి 15 పాయింట్ల కోత, 4 లక్షల యూరోల జరిమానా పడ్డాయి.

## కొత్త జట్టు వస్తే ఎవరికి ఎంత పోతుంది

కాడిలాక్ గొడవ కేంద్రం ఈ లెక్కే. 2021 కాంకార్డ్ ఒప్పందంలో కొత్త జట్టు 20 కోట్ల డాలర్లు కట్టాలని, అది పాత జట్లు పంచుకోవాలని పెట్టారు. కాడిలాక్ విషయంలో ఆ మొత్తం 45 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి.

సులభంగా అర్థం కావడానికి, పంచే సొమ్ము ఏడాదికి 100 కోట్ల డాలర్లనీ, అందరికీ సమానంగా పంచుతారనీ అనుకుందాం (నిజానికి సమానంగా పంచరు). పది జట్లయితే తలా 10 కోట్లు. పదకొండైతే తలా 9.09 కోట్లు. అంటే ప్రతి పాత జట్టుకీ ఏడాదికి దాదాపు 91 లక్షల డాలర్ల నష్టం. కొత్త జట్టు కట్టిన 20 కోట్లని పదిమంది పంచుకుంటే తలా 2 కోట్లు, రెండేళ్ల నష్టానికి సరిపోతుంది. 45 కోట్లయితే తలా 4.5 కోట్లు, దాదాపు అయిదేళ్లకి సరిపోతుంది. ఆ తర్వాత కొత్త జట్టు వల్ల మొత్తం సొమ్మే పెరిగి ఉండాలి, లేకపోతే పాతవాళ్లకి నష్టమే.

తలుపు బిగించే ఉంచాలనేవాళ్ల మాటలో బలముంది. 1989లో ఒక్కో రేసుకి 39 కార్ల దాకా వచ్చేవి, అందులో 26కే చోటు. చిన్న జట్లు కొన్ని అప్పుల్లో మునిగేవి. 1992లో ఆండ్రియా మోడా లాంటి జట్టు కారు సరిగా నడవకుండానే మధ్యలో వెలివేయబడింది. తర్వాత హెచ్‌ఆర్‌టీ, మానోర్ లాంటివి మూతపడినప్పుడు వందలమందికి ఉద్యోగాలు పోయాయి. ఇప్పుడు చోట్లు పరిమితం కాబట్టి ప్రతి జట్టుకీ విలువుంది, 14.5 కోట్ల డాలర్లతో 2021లో మొదలైన ఖర్చు పరిమితి వల్ల చిన్న జట్లు కూడా నిలదొక్కుకున్నాయి.

తలుపు తెరవాలనేవాళ్లు ఇదే చరిత్రని ఇంకోలా చదువుతారు. ఇప్పటి నియమాలు 1977లో ఉంటే మార్చ్ కొన్న ఫ్రాంక్ విలియమ్స్‌కి చోటుండేది కాదు, ఆ తర్వాత ఆ జట్టు గెలిచిన తొమ్మిది కన్‌స్ట్రక్టర్ టైటిళ్లూ ఉండేవి కావు. ఒక మెర్జారియో ఓడిపోయే వీలున్న పోటీలోనే ఒక విలియమ్స్ పుట్టే వీలుంటుందని వాళ్ల వాదన. నా మొగ్గు ఇటువైపే. కాకపోతే ఓడిపోయిన జట్టు మెకానిక్‌ల జీతాల సంగతి ఈ వాదనలో ఎవరూ చెప్పరు, అది దీని లోపం.

## హైదరాబాద్‌లో కనిపించిన మరో దారి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పోటీ అయిన ఫార్ములా-ఈ రేసు జరిగింది. కస్టమర్ జట్ల విషయంలో అక్కడి నియమం వేరు. ఛాసీ, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే. మోటారు, ఇన్వర్టరు, గేర్‌బాక్స్ వంటి వెనక భాగం తయారీ కంపెనీ చేస్తుంది. ఆమోదం పొందిన భాగాన్నే తన జట్టుకీ, కొనుక్కున్న జట్టుకీ వాడాలి. కంపెనీకి మంచి సరుకు, కొన్నవాడికి పాత సరుకు అనే తేడా పెట్టడం కుదరదు.

ఆ రోజు జాగ్వార్ సొంత జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి ఢీకొట్టుకుని ఆగిపోయాయి. జాగ్వార్ నుంచి కొన్న భాగాలతో ఆడిన ఎన్విజన్ జట్టు డ్రైవర్ నిక్ కాసిడీ రెండో స్థానంలో వచ్చాడు. సీజన్ చివరికి జట్ల టైటిల్ కూడా ఎన్విజన్‌దే, జాగ్వార్ రెండో స్థానంలో మిగిలింది. డ్రైవర్ల టైటిల్ గెలిచిన జేక్ డెన్నిస్ ఆండ్రెట్టి జట్టులో పోర్షే భాగాలతో ఆడాడు, పోర్షే సొంత జట్టు వెనకబడింది.

ఫార్ములా 1 దీన్ని అలాగే తీసుకోలేదు. అక్కడ జట్ల పోటీ అంటే ఎవరు మంచి కారు తయారు చేశారన్న పోటీ. అందరికీ ఒకే ఛాసీ ఇచ్చేస్తే ఆ ప్రశ్నే ఉండదు. అయితే కొనుక్కోనిచ్చిన భాగాల వరకైనా ఒకే సరుకు అందాలన్న నియమం మాత్రం ఫార్ములా 1లో ఇప్పటికే ఉంది. ఇంజిన్ కంపెనీలు కస్టమర్ జట్లకి తమ జట్టుకిచ్చే రకం ఇంజిన్నే ఇవ్వాలి, అదే సాఫ్ట్‌వేర్‌తో నడిపే వీలు ఇవ్వాలి. మెక్‌లారెన్ మెర్సిడెస్ ఇంజిన్‌తో మెర్సిడెస్‌నే ఓడించి టైటిల్ గెలవగలిగింది ఈ నియమం ఉన్నందువల్లే. 1978లో కాస్‌వర్త్ దగ్గర ఇంజిన్ కొన్నవాడికి ఈ రక్షణ లేదు.